అన్న పేరు మీద

"పోయినవాడు పోయాడమ్మా, కాదన్నదెవరు? పట్టికలో పోలేదుగా" అన్నాడు మేనేజరు.

అంటూనే కాగితాన్ని చూపుడువేలితో బల్ల మీద ఆమె వైపు తోశాడు. సంతకం పెట్టాల్సిన చోట ముందుగానే పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి ఉంచాడు. బేరం కుదరకముందే పశువు పలుపు చేతికిచ్చే దళారి ఉంటాడే, అలా ఉంది ఆ గుర్తు.

ఆమె కాగితాన్ని ముట్టుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకునే చదివింది.

పోయిన వారం ఆస్పత్రిలో ఒక కంప్యూటరు ఆగిపోయింది. పెద్దదేం కాదు. ల్యాబులో తేలిన రక్తపరీక్షల ఫలితాలను పై అంతస్తుల వార్డులకు చేరవేసే యంత్రం. లోపల జాగా నిండిపోయి ఆగింది. పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా ఒక్క రిపోర్టూ పైకి పోలేదు. పంపామని ల్యాబువాళ్లు, ఇంకా రాలేదని వార్డువాళ్లు, ఎవరి మానాన వాళ్లు ఉన్నారు. కిడ్నీ వార్డులో ఒక పెద్దావిడ రక్తంలో పొటాషియం హద్దు దాటిందన్న సంగతి ఆ ఆగిన రిపోర్టుల్లోనే ఉండిపోయింది. ఆవిడ గుండె ఆగింది. డాక్టర్లు కిందా మీదా పడి మళ్లీ కొట్టుకునేలా చేశారు. కానీ ఆవిడ ఇంతవరకూ కళ్లు తెరవలేదు. కొడుకు వార్డు బయట బెంచీ మీదే ఉంటున్నాడు.

కాగితం అడుగున రాసి ఉంది: హెచ్చరికలు ఎన్నోసార్లు అందినా యంత్రం యజమాని పట్టించుకోలేదు. బాధ్యత యజమానిది. ఆ పక్కన పేరు.

అది అన్న పేరు. కంప్యూటర్ల సెక్షన్లో అందరికీ అన్నే. అన్న పోయి రెండేళ్లు దాటింది.

"ప్రమాదం జరిగిన రోజు నాటికి పట్టిక సరిగ్గా ఉందని రాయించుకోమన్నారు పైవాళ్లు. పట్టిక రాసేది నువ్వు. కాబట్టి నీ సంతకం. అంతకుమించి ఏమీ లేదు" అన్నాడు మేనేజరు. పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాడు.

"ఈ యంత్రం వచ్చిందే ఆయన పోయిన తర్వాత సార్."

"ఆ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. అడిగినవాళ్లకి కావలసింది అది కాదు. ఒక పేరు. పేరుంది. చచ్చిపోయినవాడికి మెమో ఇస్తారా, జీతం కోస్తారా? బతికున్న ఎవడి కడుపూ కొట్టకుండా పని అయిపోతుంది. అన్న ఉంటే తనే అనేవాడు, నా పేరు రాసెయ్యండ్రా అని."

అది నిజమే. అందుకే ఆమెకు మరీ కష్టమనిపించింది.

"వదిన అదే వార్డులో నర్సుగా చేస్తోంది సార్. ఆ పెద్దావిడ ఉన్న వార్డులోనే."

మేనేజరు కాసేపు అద్దాల గోడ వైపు చూశాడు. "అందరం బాధపడేవాళ్లమే. అయినా నీ సంగతి చూసుకో. కొత్త సాఫ్ట్‌వేరు వచ్చింది, దానంతటదే రాసుకుంటుందట. పట్టికకి ఇంకా మనిషెందుకని అడుగుతున్నారు. ఆమె ఉండాలి, నమ్మకస్తురాలు అని నేను పోట్లాడుతున్నా. పట్టిక తప్పు అని నువ్వే రాసిస్తే, తప్పుడు పట్టిక రాసే మనిషి మాకెందుకంటారు. అప్పుడు నన్నేం చెయ్యమంటావ్? శుక్రవారం దాకా టైముంది. ఇంటికెళ్లి ఆలోచించుకో."

ఆమె లేచింది. కాగితం మాత్రం తీసుకోక తప్పలేదు.

సెక్షన్లో ఆమెను పట్టికమ్మ అంటారు. ఆస్పత్రిలో ఉన్న ప్రతి కంప్యూటరూ ఏమిటి, ఎక్కడుంది, దేనికి తగిలించి ఉంది, అది ఆగితే వెనకాల ఏవేవి ఆగుతాయి, అది ఎవరిది, ఇవన్నీ రాసి ఉంచడం ఆమె పని. కంపెనీవాళ్లు దానికి కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ డేటాబేస్ అని నోరు తిరగని పేరు పెట్టారు. ఇక్కడ పట్టిక అనే అంటారు. ఏదైనా చెడితే ముందు పట్టిక తెరుస్తారు. తెరిచి యజమాని గడి చూస్తారు. హెచ్చరిక మెసేజీలు పోయేది కూడా ఆ గడిలో ఉన్న మనిషికే.

ఆ గడి ఖాళీగా ఉంటే పట్టిక ఒప్పుకోదు. ఎర్రగీత గీసి, దారికడ్డంగా పడుకున్న గేదెలా కదలకుండా ఉంటుంది. ఏదో ఒక పేరు ఇవ్వాల్సిందే.

అన్న పోయినప్పుడు ఆయన యంత్రాల మీద నుంచి పేరు తియ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. కొన్నాళ్లు పోనిద్దాం అనుకున్నారు. ఆ తర్వాత ఒక సోమవారం మీటింగులో ఎవరూ తమదని ఒప్పుకోని పాత యంత్రం ఒకటి లెక్కకొచ్చింది. ఇది ఎవరిదని మేనేజరు అడిగితే అందరూ తమ టీ కప్పుల్లోకి చూసుకున్నారు. "అన్న పేరు పెట్టెయ్యమ్మా, ఆయన కాదనడు" అన్నారెవరో. నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే టైపు చేసింది.

అక్కణ్నుంచి అదొక అలవాటైపోయింది. దిక్కులేని యంత్రమల్లా అన్నదే. దానికి తోడు ఇంకొక సౌకర్యం కనిపెట్టారు. ఏ యంత్రంలోనైనా మార్పు చెయ్యాలంటే యజమానికి నోటీసు పంపాలి. రెండు రోజుల్లో ఆయన కాదనకపోతే ఒప్పుకున్నట్టే. లోకంలో మౌనం అర్ధాంగీకారం. ఆ సెక్షన్లో పూర్తి అంగీకారం. పని తొందరగా జరగాలనుకున్నవాళ్లు యంత్రాన్ని ముందు అన్న పేరు మీదకి మార్పించుకునేవాళ్లు. బతికున్నవాళ్లు ఎందుకు, ఏమిటి అని అడుగుతారు. అన్న ఏమీ అడగడు. అన్నంత మంచి యజమాని ఇంకొకడు లేడని చెప్పుకునేవాళ్లు.

చచ్చిపోయాక అన్న ఆస్తి అలా పెరుగుతూ వచ్చింది.

*

మర్నాడు పొద్దున్నే ఆమె యంత్రాల గదిలోకి వెళ్లింది. చలి. ఏసీల హోరు. ఎవరి మాట వాళ్లకే దూరం నుంచి వినిపించినట్టుంటుంది.

కొత్త సాఫ్ట్‌వేరు కంపెనీ పంపిన పెద్దమనిషి అప్పటికే ఒక స్టూలు మీద కూచుని ఉన్నాడు. బట్టతల, మెడలో మఫ్లరు, ఒళ్లో లాప్‌టాప్. నెట్‌వర్కులో మూలమూలా గాలించి, ఉన్న యంత్రాలన్నిటినీ పట్టుకోవడం అతని పని కనుక సెక్షనువాళ్లు గాలింపాయన అని పేరు పెట్టారు. ఆ పేరు అతనికీ తెలుసు.

"రండి మేడం. మీ కోసమే చూస్తున్నా. గాలింపు పూర్తయింది. మీ పట్టికలో లేనివి కూడా దొరికాయి. ఒకటైతే మెట్ల కింద చీపుళ్ల గదిలో ఉంది, ఎన్నేళ్ల నుంచి నడుస్తోందో పాపం."

"అది రేడియాలజీవాళ్లు వదిలేసింది."

"సరే, అది రాసుకుంటా. ఒక్క సాయం చెయ్యాలి. ఈయనెవరో నాకొకసారి పరిచయం చెయ్యండి" అని తెర ఆమె వైపు తిప్పాడు. "ఎక్కడ చూసినా ఈయన పేరే. ఇన్ని యంత్రాలు ఒక్కడే చూసుకుంటున్నాడంటే మామూలు మనిషి కాదు. నా సర్వీసులో ఇట్లాంటివాణ్ణి చూళ్లేదండీ. ఏ టైముకి దొరుకుతాడు?"

"ఆయన దొరకరండీ."

"సెలవా?"

"లేరు."

అతను తెర వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. మఫ్లరు కొస పట్టుకుని ముక్కు తుడుచుకున్నాడు. తర్వాత మెల్లిగా అన్నాడు: "ఇది చాలా చోట్ల ఉన్నదే లెండి. ఒక బ్యాంకులో రిటైరైన మనిషి పేరు మీద... వదిలెయ్యండి. మా సాఫ్ట్‌వేరు గొప్పదే మేడం, అమ్ముకోడానికి కాదు, నిజంగానే చెబుతున్నా. యంత్రాన్ని తట్టి, నువ్వేమిటి, ఎక్కడున్నావ్, ఎవరితో మాట్లాడుతున్నావ్ అంటే అన్నీ చెబుతుంది. ఎవరెవరు రోజూ దాని లోపలికి వచ్చిపోతున్నారో కూడా చెబుతుంది. నువ్వెవరిదానివి అంటే మాత్రం నోరు మెదపదు. దానికి తెలియదు. ఇంకో పదేళ్లకి మీరు రాస్తున్న పట్టికంతా మిషన్లే రాసుకుంటాయి. ఆ ఒక్క గడీ మనిషి చెప్పాల్సిందే."

"మనిషే అబద్ధం చెబితే?"

"అప్పుడు మా సాఫ్ట్‌వేరు ఆ అబద్ధాన్నే నాలుగు రెట్లు వేగంగా అందరికీ చెబుతుంది" అన్నాడు.

చివరి వరసలో నేల వారన ఉంది ల్యాబు యంత్రం. మేనేజరే తెప్పించాడు దాన్ని. తాత్కాలికంగా అన్నాడు అప్పట్లో. ఆమె మోకాళ్ల మీద కూచుని చూసింది. ఇప్పుడు జాగా ఖాళీ చేశారు. పచ్చదీపం వెలుగుతోంది, ఏమీ ఎరగనట్టు. దాని మీద చెయ్యి ఆన్చింది. పడుకున్న పశువు డొక్క వెచ్చగా ఉన్నట్టుంది.

ఈ యంత్రాన్ని పట్టికలోకి ఎక్కించిన రోజు ఆమెకు బాగా గుర్తు. యజమాని ఎవరు సార్ అంటే, అన్న ఉన్నాడుగా అన్నాడు మేనేజరు ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ. ఆమె మొదటి రెండక్షరాలు కొట్టింది. మిగతా పేరంతా పట్టికే పూర్తి చేసింది. పిలిస్తే పలికినట్టు.

*

మధ్యాహ్నం మూడో అంతస్తుకి మెట్లెక్కి వెళ్లింది. వదినకు ఈ సంగతి ఇంకెవరి నోటి నుంచో తెలిసే ముందు తనే చెప్పాలనుకుంది. ఎలా మొదలుపెట్టాలో ఒక్కొక్క మెట్టు మీదా ఒక్కొక్క రకంగా అనుకుంది. పైకి చేరేసరికి ఒక్కటీ మిగల్లేదు.

వార్డు బయట బెంచీ మీద పెద్దావిడ కొడుకు కూచుని ఉన్నాడు. నడివయసు మనిషి. చెప్పులు విడిచి, ఒకదాని పక్కన ఒకటి పొందిగ్గా పెట్టుకున్నాడు, ఎవరింటికో వచ్చినట్టు. ఆమె మెడలో ఆస్పత్రి బిళ్ల చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు. ఏదైనా చెబుతుందనుకున్నాడు. ఆమె తల వంచుకుని దాటిపోయింది.

వదిన మందుల గదిలో ఉంది. అన్న భార్య కనుక సెక్షనుకంతా వదినే. బొద్దుగా, పొట్టిగా ఉండే మనిషి. సిరంజీల్లో మందు ఎక్కిస్తూ, ఒక్కొక్కదాన్నీ కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుని గోటితో మీటుతోంది. గాలిబుడగ పైకి తేలితే నెట్టి బయటికి పంపుతోంది.

"దా అమ్మాయ్. దారి తప్పావేంటి? పట్టిక వదిలి పైకొచ్చావంటే ఎవరికో మూడిందే."

"చూసిపోదామని వచ్చాను వదినా."

"చూడు చూడు. చూస్తే అరిగిపోను, అరిగితే నాకే మంచిది" అని నవ్వింది. ఇంకో సిరంజీ ఎత్తింది. "ఆ స్టూలు మీద కూచో. ఆ ట్రే మాత్రం ముట్టుకోకు."

అంతలో వదిన కోటు జేబులో ఏదో మోగింది. నీళ్లలో వరసగా రెండు గులకరాళ్లు పడ్డట్టు, మెత్తని మోత. ఆ మోత పట్టికమ్మకు తెలుసు. సెక్షన్లో అందరి ఫోనుల్లోనూ యంత్రాల హెచ్చరికలకు పెట్టుకున్న మోత అది.

వదిన చేతిలో సిరంజీ దించలేదు. మందు పని పూర్తి చేసి, చేతులు తుడుచుకుని, అప్పుడు తీసింది ఫోను. పాత ఫోను. ఒక మూల అద్దం పగిలి ఉంది.

"మీ అన్నదే. నంబరు తియ్యబుద్ధి కాలేదు. ఛార్జింగు పెట్టుకుంటూ తిరుగుతున్నా" అంది. "మొదట్లో ఎప్పుడో ఒకటి వచ్చేది. ఈ మధ్య ఎన్నొస్తున్నాయో. ఇంగ్లీషు ముక్కలూ నంబర్లూ. నాకేం తెలుస్తుంది? ఒక్కటి మాత్రం తెలుస్తుంది, ఆయన్ని ఇంకా పిలుస్తున్నారని. అక్కడ ఆయనతో ఇంకా పనుంది. లేకపోతే ఎందుకు పిలుస్తారు? ఇంట్లో ఉన్నప్పుడు మోగితే, ఆ వస్తున్నా అంటాన్నేను. పిచ్చిదాన్నని అనుకునేవు."

పట్టికమ్మ స్టూలు అంచు గట్టిగా పట్టుకుంది.

"చూడనా వదినా?"

"చూడు. నీ భాషే కదా."

ఆమె వేలితో తెర పైకి నెట్టింది. నెట్టిన కొద్దీ వచ్చాయి. ఒక్కొక్క యంత్రం పేరూ ఒక్కొక్క ముఖంలా కనపడింది. అన్నీ ఆమె చేత్తో అన్న పేరు మీద రాసినవే. ల్యాబు యంత్రం దగ్గర వేలు ఆగింది. జాగా నిండుతోంది, చూడండి. జాగా నిండిపోవస్తోంది, వెంటనే చూడండి. వారాల నుంచీ పిలుస్తోంది. ప్రమాదం జరిగిన రోజైతే, తెర నిండా అదొక్కటే.

"ఏమంటున్నాయి?" అంది వదిన.

"మామూలువే."

"ఆ పెద్దావిడకి గుండె ఆగిన రోజు మాత్రం మరీ ప్రాణం తీసింది అమ్మాయ్. పొద్దుట్నుంచీ ఒకటే మోత. అవతల ఆవిడ రిపోర్టు రాలేదని ల్యాబుకి ఫోను చేస్తూ నేను, ఇవతల జేబులో ఇది. ఇంక విసుగొచ్చి సౌండు తీసేశాను. ఆయన ఫోను మీద విసుక్కోవడం అదే మొదటిసారి. సాయంత్రం ఇంటికెళ్లి ఏడ్చాననుకో."

పట్టికమ్మ ఫోను తిరిగి ఇచ్చేసింది. చెప్పడానికి వచ్చిన మాట చెప్పనేలేదు. పనుందని లేచి వచ్చేసింది. బెంచీ మీద మనిషి మళ్లీ లేచి నిలబడ్డాడు. ఆమె మళ్లీ తల వంచుకుంది.

*

ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు. ఇంటికొచ్చాక గోళ్ల సందుల్లో గ్రీజు పోయేదాకా పెరటి మెట్టు మీద కూచుని బ్రష్షుతో తోముకుంటాడు. ఆ సాయంత్రం ఆమె పక్క మెట్టు మీద కూచుంది.

"ఏంటి, మొహం వాడిపోయింది?" అన్నాడు.

"ఏమండీ, లిఫ్టు బాగుందని సంతకం పెట్టే ముందు మీరేం చూస్తారు?"

"తీగలు చూస్తా, బ్రేకు చూస్తా, తలుపులు చూస్తా. అన్నీ చూశాక ఒకసారి ఎక్కి పైదాకా పోయొస్తా. నా బరువు మొయ్యనిది ఇంకొకళ్ల బరువేం మోస్తుంది?"

"ఎక్కకుండా సంతకం పెట్టేవాళ్లుంటారా?"

"ఎందుకుండరు? బోలెడుమంది."

"ఎక్కలేని మనిషి పేరు రాసి ఉంటే? అసలు లోకంలోనే లేని మనిషి పేరు?"

అతను బ్రష్షు ఆపాడు. "అప్పుడది లిఫ్టు కాదే. బావి. తలుపులు పెట్టిన బావి" అన్నాడు. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టాడు. ఏమైందని అడగలేదు. చెప్పాలనుకున్నప్పుడు తనే చెబుతుందని అతనికి తెలుసు.

లోపల ఎక్కడో నీళ్లలో రెండు గులకరాళ్లు పడ్డట్టయింది. ఆమె ఉలిక్కిపడి లేచింది. వంటింటి కొళాయి కారుతోంది. కట్టి వచ్చి కూచుంది. మళ్లీ వినిపించింది. ఈసారి కొళాయి కాదు, ఆమె చెవుల్లోనే.

*

బుధవారం ఆమె అందరికంటే ముందు వచ్చి పట్టిక తెరిచింది. అన్న పేరు కొట్టింది. వరసలు వరసలుగా తెర నిండింది.

పేరు తీసేస్తే గడి ఖాళీ అవుతుంది, పట్టిక ఊరుకోదు. తన పేరు పెడదామా అన్న ఆలోచన వచ్చింది. అది అన్న చేసే పని. ఇంకొక అన్న తయారైతే మళ్లీ ఇదే కథ. వద్దనుకుంది.

గాలింపాయనను పక్కన కూచోబెట్టుకుంది. "ఈ యంత్రం లోపలికి రోజూ ఎవరు వస్తున్నారో చూడండి" అంటే అతను చూసి చెప్పాడు. దాన్ని తెమ్మన్నదెవరో, ఎవరి పనికి తెచ్చారో ఆమె చెప్పింది. యంత్రం చెప్పిందీ మనిషి చెప్పిందీ కలిసిన చోట పేరు తేలింది. అలా ఒక్కొక్కదానికీ బతికున్న మనిషిని వెతికి కొత్త యజమానిగా రాసుకుంటూ పోయారు. టీ వచ్చింది, చల్లారింది. ఒక యంత్రం దగ్గర మాత్రం వాళ్లకి ఎవరూ దొరకలేదు. దాన్ని ఎవరూ వాడటం లేదు. రెండేళ్లుగా అన్న పేరు చెప్పుకుని ఊరికే నడుస్తోంది.

"ఆపేద్దామా?" అన్నాడు గాలింపాయన.

"ఆపెయ్యండి" అంది. అతను ఆపాడు.

ల్యాబు యంత్రం దగ్గర మేనేజరు పేరు రాసింది. తెప్పించింది అతను. దానితో మాట్లాడే ల్యాబు కంప్యూటర్ల పనంతా అతని కిందిదే. గాలింపాయన ఆమె వైపు ఒకసారి చూసి మఫ్లరు సర్దుకున్నాడు.

పద్ధతి ప్రకారం కొత్త యజమానులందరికీ నోటీసులు వెళ్లాయి. ఫలానా యంత్రం ఇకపై మీది. కాదంటే రెండు రోజుల్లోగా తెలపండి. పట్టిక నుంచి వచ్చే ఉత్తరాలు ఆ సెక్షన్లో ఎవరూ చదవరు. మేనేజరైతే వాటిని చూసే పని లేకుండా తిన్నగా ఒక మూలకు పోయేలా ఏర్పాటు చేసుకున్నాడు, ఆ ఏర్పాటు చేసిపెట్టింది ఆమే. అయినా ఎవరికీ తెలియకుండా చేసినట్టు కాకూడదని, గురువారం టీ దగ్గర అందరి ముందూ అంది: "పట్టిక నోటీసులు పంపాను. ఒకసారి చూసుకోండి."

"చూస్తాంలే పట్టికమ్మా, మాకు నిద్ర పట్టనప్పుడు" అన్నాడొకడు. నవ్వారు. మేనేజరు కూడా నవ్వి, "కాగితం సంగతి ఏం చేశావ్?" అన్నాడు.

"రేపు ఇస్తాను సార్. నోటీసు కూడా చూడండి."

"ఊఁ, ఊఁ" అంటూ ఫోను చెవి దగ్గర పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

*

శుక్రవారం పొద్దున గడువు తీరింది. కాదన్నవాళ్లు ఎవరూ లేరు. పట్టికలో వరసగా పేర్లు మారిపోతుంటే ఆమె చూస్తూ కూచుంది. ఒక్క చప్పుడూ లేదు. చీకట్లో ఇంటిల్లిపాదీ సామాను సర్దుకుని వెళ్లిపోతున్నట్టుంది.

తర్వాత మేనేజరు ఇచ్చిన కాగితం తీసింది. పెన్సిలు గుర్తును రబ్బరుతో చెరిపింది. పట్టిక సరిగ్గా ఉందన్న మాట కొట్టేసి, కింద తన చేత్తో రాసింది: 'ఆ రోజు పట్టిక తప్పు. యజమానిగా ఉన్న మనిషి యంత్రం రాకముందే చనిపోయారు. ఆ సంగతి సెక్షన్లో అందరికీ తెలుసు. ఆ పేరు రాసింది నేను, రాయమన్నది మేనేజరు.' సంతకం పెట్టింది. ఒక నకలు విచారణ కమిటీవాళ్ల పెట్టెలో వేసి, అసలును మేనేజరు బల్ల మీద పేపర్‌వెయిట్ కింద పెట్టి వచ్చింది. అతనింకా రాలేదు. తన కుర్చీలో కూచుంది. ఆ కుర్చీ ఇక ఎన్నాళ్లో తెలియదు. పక్కకి కొంచెం ఒరిగి ఉంటుంది, ఎప్పుడూ బాగుచేయించుకోలేదు.

తలుపు తోసుకుని వదిన వచ్చింది. డ్యూటీ కోటులోనే ఉంది. మెట్లు దిగి వచ్చినందుకే ఆయాసపడుతోంది.

"అమ్మాయ్, పొద్దుట్నుంచి మోగలేదు" అంది.

పట్టికమ్మ లేచి నిలబడింది.

"ఒక్కసారి కూడా మోగలేదు. ఫోను పాడైందేమోనని మా వార్డులో పిల్ల చేత కొట్టించి చూశాను. మోగింది. ఫోను బాగానే ఉంది. మరి ఏమైంది? మీరేమైనా..." ఆగిపోయింది. "ఆయన పేరు తీసేశారా?"

"తీసేశాను వదినా. నేనే తీసేశాను."

వదిన పక్కనున్న కుర్చీలోకి జారింది. పట్టికమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూచుంది. ఇక దాచలేదు. టీ కప్పుల్లోకి చూసుకున్న మీటింగు దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పింది. దిక్కులేని యంత్రాలన్నీ ఎలా అన్నవైపోయాయో చెప్పింది. నవ్వుకున్నది కూడా చెప్పింది. పెద్దావిడ విషయం అన్న మీదకు తోస్తున్నారని చెప్పింది. వదిన వింటూ ఉంది. చేతి గడియారం పట్టీని తిప్పుకుంటూ ఉంది.

"అయితే ఆయనతో పనుండి కాదు పిలిచింది."

"కాదు వదినా."

"పని చేసేవాడు లేకనా?"

"ఊఁ."

"పెద్దావిడ నిన్న సాయంత్రం కళ్లు తెరిచింది" అంది వదిన, ఉన్నట్టుండి. "కొడుకు పరిగెత్తుకొచ్చాడు. ఎవరు నాయనా నువ్వు, అంది వాణ్ణి." గడియారం పట్టీ తిప్పడం ఆపింది. "ఆ రోజు నా జేబులో అంతలా మోగింది ఏంటి? నాకు చెప్పు. ఆవిడ సంగతేనా?"

పట్టికమ్మకి అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. వచ్చి ఆగింది.

"రిపోర్టులు తెచ్చే యంత్రం. ఆగిపోతున్నానని చెప్పింది."

"నేను సౌండు తీసేశాను."

"మేం రెండేళ్ల కిందటే తీసేశాం వదినా. అది మా జేబుల్లో మోగాల్సింది. నీ జేబులోకి పంపించింది మేమే."

వదిన తల ఊపింది. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. కళ్లు తుడుచుకోలేదు. "ఇప్పుడు ఆయన పేరు మీద ఏమీ లేదా? ఒక్కటన్నా?"

పట్టికమ్మ తెర ఆమె వైపు తిప్పి, అన్న పేరు మొదటి రెండక్షరాలు కొట్టింది. ఈసారి పట్టిక మిగతా పేరు పూర్తి చెయ్యలేదు. రెండక్షరాలూ అలాగే నిలబడి ఉన్నాయి. ఇద్దరూ చూస్తూ కూచున్నారు.

అద్దాల గది తలుపు తెరుచుకుంది. మేనేజరు ఎప్పుడొచ్చాడో చూడలేదు వాళ్లు. చేతిలో కాగితం ఉంది. మొహం కందగడ్డలా ఉంది.

"ఏమిటమ్మా ఇది? కొత్త రిపోర్టు తీయిస్తే ల్యాబు మిషను నా పేరు మీద చూపిస్తోంది. ఎవరు ఒప్పుకున్నారు?"

"నోటీసు పంపాను సార్. టీ దగ్గర కూడా చెప్పాను. రెండు రోజుల్లో మీరు కాదనలేదు."

అతను ఏదో అనబోయాడు. అప్పుడు చూశాడు వదినను. కాగితం పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది.

అతని చొక్కా జేబులో ఫోను మోగింది. నీళ్లలో వరసగా రెండు గులకరాళ్లు పడ్డట్టు, మెత్తగా.

"ఆ, వస్తున్నా" అంది వదిన.

అనేసి, చెయ్యి కోటు జేబులో పెట్టుకుంది. జేబులో ఫోను చల్లగా ఉంది, కదల్లేదు. మేనేజరు జేబులో మళ్లీ మోగింది. వదిన అటు చూడలేదు. చెయ్యి బయటికి తియ్యలేదు.